కర్రోడి తోకకుచ్చు

మా మండలంలో ఇంతవరకు ఏ పశువుకూ పిచ్చి పట్టలేదు. పశు జన్యు జాగరూకతా మండలి వారు తమ తొలి పథకానికి మా మండలాన్ని ఎంచుకోవడానికి అదే కారణం. ఉన్న జబ్బును పోగొట్టడం అవుతుందో కాదో ఎవరూ ముందుగా చెప్పలేరు. లేని జబ్బును లేకుండా చేయడం మాత్రం తప్పకుండా అవుతుంది. ఈ మాటలో తప్పు పట్టడానికి మా రాళ్ళదిన్నెలో ఎవరికీ ఏమీ దొరకలేదు.

మండలి తరఫున వచ్చిన అధికారి డాక్టర్ పరాంకుశం గారు. ఏరువాక పున్నమి మరునాడు పొద్దున్నే జీపులో దిగారు. పాలకేంద్రం ముందు షామియానా వేయించి, ఊళ్ళో గొడ్లన్నిటినీ వరసగా నిలబెట్టించి, వాటి వెనక మమ్మల్ని నిలబెట్టారు. ఏరువాక ముచ్చట ఇంకా తీరలేదు గనుక ఎద్దుల కొమ్ములకు రంగులున్నాయి, మెడల్లో గంటలున్నాయి. ఆయన ఒక్కో వాక్యం పూర్తి చేసేసరికి ఏదో ఒక ఎద్దు తలాడించి గంట మోగించేది. ఆయన దాన్ని ఆమోదం కింద తీసుకుని ముందుకు సాగారు.

ఆయన చెప్పిన దాని సారం ఇది. ప్రతి పశువు మెదడులోనూ ప్రియాన్ అనే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. అది సరైన మడతలో ఉన్నంతకాలం ఏ బాధా లేదు. ఒకటి మడత తప్పిందంటే పక్కదాన్నీ తప్పిస్తుంది, అది దాని పక్కదాన్ని. చివరికి మెదడంతా ఇడ్లీలాగా చిల్లులు పడి, పశువు బెదిరి, తూలి, తన్ని, కూలిపోతుంది. ఏవో దేశాల్లో జబ్బు చేసిన పశువుల ఎముకలూ మాంసమూ పొడి చేసి, దాణాలో కలిపి, తిరిగి పశువులకే పెట్టినందువల్ల ఇది పాకింది. అయితే ఆ దాణా తిన్నవాటన్నిటికీ రాలేదు. కొన్నిటి పుట్టుకలోనే, అంటే జన్యువులోనే, ఆ జబ్బుకు సులువుగా లొంగే గుణం ఉంటుంది. ఆ గుణానికి మండలి వారు పెట్టిన పేరు వశ్యత.

మా మద్దిలేటి లేచి చేతులు కట్టుకున్నాడు. మా గొడ్లు జొన్నచొప్ప, శెనక్కట్టె తప్ప ఇంకొకటి ఎరగవనీ, మా ఊళ్ళో ఎముకలు తినేవి కుక్కలొక్కటేననీ, వాటిని పరీక్ష చేస్తే ఏమన్నా ఉపయోగముంటుందేమోననీ మనవి చేశాడు.

పరాంకుశం గారు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. "తినుచున్నవా లేదా అన్నది దాణా విభాగపు పరిధి. మాది జన్యు విభాగం. తిన్న పక్షంలో ఏమగును అన్నంతవరకే మా పరిధి."

ఒక ఎద్దు గంట మోగించింది. మద్దిలేటి కూర్చున్నాడు.

ఈ మద్దిలేటికి ఊరి ఉత్తరాన ఆరెకరాల ఎర్రనేల, అందులో సగం రాళ్ళు. ట్రాక్టరు ఒకసారి దిగి పళ్ళు విరగ్గొట్టుకుని పోయింది, మళ్ళీ ఆ వైపు రాలేదు. కాబట్టి సేద్యమంతా ఒక కాడి ఎద్దుల మీద. నల్లగా ఉండేది కర్రోడు, తెల్లగా ఉండేది బుల్లోడు. రెండూ దూడలుగా ఉన్నప్పటి నుంచీ ఒకే కాడి కింద పెరిగినవి. వేరే ఎద్దును జత కడితే కర్రోడు నడవదు. కర్రోడు నడవకపోతే బుల్లోడు వెనక్కి తిరిగి చూస్తుంది గానీ కదలదు. వానపడి ఎర్రనేలకు పదును వచ్చిందంటే మూడు పొద్దుల్లో ఆరిపోతుంది. ఆ మూడు పొద్దుల్లో ఈ రెండూ విత్తే గొర్రు లాగితేనే మద్దిలేటి ఇంట్లో ఆ యేటికి శెనక్కాయ పంట. లాగకపోతే లేదు.

కర్రోడికి ఒక్కటే లోపం. ఎండాకాలంలో ముళ్ళకంచెలో చిక్కుకుని దాని తోకకుచ్చు ఊడిపోయింది. మా వైపు తోకకుచ్చు లేని ఎద్దును మొండితోక అంటారు. మొండితోక ఎద్దు ఇంట్లో ఉంటే ఆ ఇంటి యజమానికి మీసం లేనట్టే లెక్క. పక్కింటి పుల్లక్క ఈ మాటను ఊళ్ళో అందరికీ ఒకసారి, మద్దిలేటి భార్య సుంకులమ్మకు మాత్రం రోజూ గుర్తు చేసేది. ఏరువాకనాడు ఎద్దుల్ని ఊరంతా ఊరేగిస్తారు. సుంకులమ్మ ఆ మాట ఇంకొకసారి పడదలచుకోలేదు. అత్త నరసమ్మవ్వ స్నానానికి పోయినప్పుడు చిలక్కొయ్యకున్న సవరం తీసి, కర్రోడి తోకకు సన్నదారంతో గట్టిగా కట్టింది.

అది అట్లాంటిట్లాంటి సవరం కాదు. నరసమ్మవ్వ వయసులో ఉన్నప్పుడు దువ్వెనకు వచ్చిన జుట్టు వచ్చినట్టే చుట్టలు చుట్టి, గోడ సందుల్లో దోపి, ఏళ్ళ తరబడి కూడబెట్టి కట్టించుకున్నది. నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఏరువాక ఊరేగింపులో కర్రోడి తోకను చూసి పుల్లక్క నోరు మూతపడింది. సాయంత్రానికే తీసి చిలక్కొయ్యకు తగిలించాలని సుంకులమ్మ అనుకుంది. అయితే అత్త పొద్దుగూకేదాకా కొట్టం ముందు మంచం వేసుకుని కదల్లేదు. తెల్లారేసరికి దండోరా పడింది. మండలి వాళ్ళు వచ్చారు, గొడ్లను తోలుకురండి అని.

ఊడిన కుచ్చు మళ్ళీ మొలిచిందనే మద్దిలేటితో సహా మేమంతా అనుకున్నాం. అసలు సంగతి అప్పటికి సుంకులమ్మకు, కర్రోడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

నమూనా అంటే రక్తం కాబోలు అనుకున్నాం. కాదట. తోక వెంట్రుకలు, కుదుళ్ళతో సహా పీకాలట. ఆ పని మా పశువుల ఆసుపత్రి కాంపౌండర్ దస్తగిరికి అప్పగించారు. ఒక్కో గొడ్డు వెనకా నిలబడి పీకుతూ, తన్నులు తప్పించుకుంటూ వచ్చాడు. కర్రోడి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. కర్రోడు వెనక్కి తన్నడంలో పేరుమోసినది. దానికి సూది వేయాల్సి వస్తే దస్తగిరి ఇంట్లో చెప్పి వచ్చేవాడు. కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలచుకుని, కుచ్చు పట్టి లాగాడు. గుప్పెడు వెంట్రుకలు చేతిలోకి వచ్చాయి. కర్రోడు ఈగను తోలుకుని, మళ్ళీ నెమరులో పడింది.

పరాంకుశం గారు దగ్గరకు వచ్చి చూశారు. ఇంకొకసారి లాగమన్నారు. దస్తగిరి ఈసారి ధైర్యంగా లాగాడు. ఇంకో గుప్పెడు వచ్చింది. కర్రోడు చెవి కూడా ఆడించలేదు.

"స్పర్శజ్ఞాన లోపం," అన్నారు పరాంకుశం గారు మెల్లగా, దొరకనిది దొరికినవాడిలా.

సుంకులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భార్యకు ఎద్దంటే ఇంత ప్రాణమా అని మద్దిలేటి అప్పుడే తెలుసుకున్నాడు.

ఇల్లు చేరగానే ఆమె మిగిలిన సవరం విప్పింది. సగమే ఉంది, దానికి పేడ కూడా అంటింది. ఇచ్చేటట్టు లేదు, పారేసేటట్టు లేదు. జొన్నల గాదెలో అడుగున దాచింది. నరసమ్మవ్వ సవరం కోసం ఇల్లంతా వెతికి, చివరికి ఇది పుల్లక్క పనేనని తేల్చి, ప్రతి పొద్దూ వాకిట్లో నిలబడి, సవరం ఎత్తుకుపోయినదాని నెత్తిన ఒక్క వెంట్రుక కూడా నిలవకూడదని గట్టిగా దీవించేది. లోపల సుంకులమ్మ రొట్టెలు తడుతూ అప్పుడప్పుడూ తల తడుముకునేది.

వాన ఆ యేడు ఆలస్యమైంది. వానా, మండలి వారి ఫలితాలూ ఒకేరోజు వచ్చాయి.

పరాంకుశం గారు మళ్ళీ షామియానా వేయించి గొడ్లకు బిళ్ళలు పంచారు. జబ్బుకు లొంగనివి నిరోధక శ్రేణి. వాటి చెవికి పచ్చబిళ్ళ. లొంగేవి వశ్య శ్రేణి. వాటికి ఎర్రబిళ్ళ. బుల్లోడికి పచ్చ, కర్రోడికి ఎర్ర వచ్చాయి. కర్రోడు ఏం తప్పు చేసిందో చెప్పమని మద్దిలేటి అడిగాడు. తప్పు కాదు, లోపం అన్నారు ఆయన. సాధారణ వశ్య పశువు జన్యువు మొదట్లో ఇరవై మూడు అక్షరాలు తక్కువ ఉంటాయట. కర్రోడికైతే ఏ అక్షరమూ ఉండాల్సిన చోట లేదట.

"అది బళ్ళోకి పోయింది ల్యాదు సార్," అన్నాడు మద్దిలేటి. "ఒక్క అచ్చరం లేకపోయినా ఇన్నేండ్లు సాలు వంకరపోకుండా దున్నినాది."

ఈ మాటను పరిగణనలోకి తీసుకోవడానికి వీలుపడలేదు. బిళ్ళలతోపాటు నియమం కూడా వచ్చింది. ఎర్రబిళ్ళ పశువుకూ పచ్చబిళ్ళ పశువుకూ మధ్య ఎల్లవేళలా పది బారల ఎడం ఉండాలి. ఇది అంటుజబ్బు కాదు కదా అని మాలో చదువుకున్న వాళ్ళం అడిగాం. కాదని ఆయనే ఒప్పుకున్నారు. పైగా జబ్బే లేదు కదా అని అడిగాం. అదీ ఒప్పుకున్నారు. మరి ఎడం దేనికంటే, ఎడం పెట్టినందువల్ల ఎవరికైనా నష్టం జరిగినట్టు ఇంతవరకు దాఖలా లేదన్నారు.

నాలుగు రోజులు తిరక్కుండానే ఊరి తీరు మారిపోయింది. పాలకేంద్రంలో ఎర్రబిళ్ళ బర్రెల పాలకు వేరే క్యాన్ పెట్టారు. పాల ద్వారా జబ్బు రాదని దాని మీదే రాశారు. కాడికట్టే ఎద్దులకు రంగు పొంతన చూడడం మొదలైంది. ఎర్రకు ఎర్ర దొరక్క ఒకాయన ఎద్దు పక్కన బర్రెను కట్టాడు. బర్రె నీళ్ళు కనిపించిన వైపు పోవడంతో ఆయన చేను దున్నబోయి చెరువు దున్నాడు. పిల్లనిచ్చేవాళ్ళు వచ్చి మాటల్లో పెట్టి, లేచి కొట్టంలోకి తొంగిచూసి, ఎన్ని ఎర్రబిళ్ళలున్నాయో చూసుకుని పోయేవాళ్ళు.

మద్దిలేటి ఇదంతా చూసేదాకా ఆగలేదు, బిళ్ళలు వేసిన మరునాడే కదిలాడు. పదును పోతోంది. ఒక పొద్దు అప్పుడే అయిపోయింది. జీపు దగ్గరికి పోయి, కాడి పొడవు ఒక బార సార్, పది బారలు ఎడంపెట్టి ఎట్ల కట్టాల అని అడిగాడు. పరాంకుశం గారు మంచి మనిషి. రైతు సమస్య విని చలించిపోయారు. కళ్ళజోడు తుడుచుకుని, ఆలోచించి, పరిష్కారం చెప్పారు.

"కాడి పొడవు పెంచవచ్చును."

ఊళ్ళో వడ్రంగి అంత పొడవు కాడి తన తాతలనాటి నుంచీ చెక్కలేదన్నాడు. అయినా ప్రభుత్వం పని గనుక వెదురుబొంగులూ సరుగుడు వాసాలూ ఒకదానికొకటి కట్టి, రాత్రికల్లా పది బారల కాడి తయారుచేశాడు. దాన్ని వీధి మలుపు తిప్పడానికే ఒక గోడ పడగొట్టాల్సి వచ్చింది. పొద్దున్నే ఊరంతా ఉత్తరం చేలల్లోకి చేరింది. కాడికి ఒక కొసన కర్రోడు, మరో కొసన బుల్లోడు, నడిమధ్య గొర్రు, గొర్రు వెనక మద్దిలేటి. మద్దిలేటి చేను అంత వెడల్పు లేదు. అందుచేత బుల్లోడు సొంత చేలో ఉంది, కర్రోడు పుల్లక్క మొగుడి చేలో, వాళ్ళు నిన్ననే విత్తిన సాళ్ళ మీద ఉంది.

మద్దిలేటి అదిలించాడు. పది బారల అవతల ఉన్న జతగాణ్ణి చూసి కర్రోడికి దిగులు పుట్టింది. అది బుల్లోడి వైపు నడిచింది. బుల్లోడు దాని వైపు నడిచింది. కాడి విల్లులా వంగింది. గొర్రు నేలను ముట్టకుండా, మద్దిలేటిని, పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నట్టే మోసుకుంటూ గాల్లోకి లేచింది. తర్వాత వెదురు ఫెళ్ళున విరిగింది. ఎద్దులు రెండూ కలుసుకుని ఒకదాని మెడ ఒకటి నాకుతున్నాయి. పుల్లక్క తన చేలో కర్రోడు తొక్కిన సాళ్ళ దగ్గర నిలబడి చెప్పాల్సినవన్నీ చెప్పింది. పరాంకుశం గారు మాత్రం ప్రయోగం పాక్షిక విజయమని, వెదురుకు బదులు ఇనుము వాడవలసి ఉన్నదని అన్నారు.

సాయంత్రానికి పదును ఆరిపోయింది. ఇంకొక వాన వస్తే విత్తవచ్చు. అదీ పోతే ఆ యేటికి లేదు. నరసమ్మవ్వ కొడుకు వైపు చూసి, విత్తనాల మూటల వైపు చూసి, ఆ పూట సవరం దొంగను దీవించడం కూడా మర్చిపోయింది.

ఇంతలో రాజధాని నుంచి కబురొచ్చింది. కర్రోడి వెంట్రుకలను పెద్ద ప్రయోగశాలలో మళ్ళీ చూశారట. అటువంటి జన్యువు దేశవాళీ పశువుల్లో లేదు, సీమ పశువుల్లో లేదు, బర్రెల్లో లేదు, ప్రపంచంలో నాలుగు కాళ్ళ మీద నడిచే దేనిలోనూ ఇంతవరకు కనబడలేదు. మండలిలో అందరూ ఒకరికొకరు మిఠాయి తినిపించుకున్నారట. కర్రోడి ఒక్కదాని కోసం పరమ వశ్య శ్రేణి అని కొత్త శ్రేణి పెట్టారు.

పరమ వశ్య ప్రాణికి మర్యాదలు కూడా ఏర్పాటు చేశారు. దాని చేత ఏ పనీ చేయించరాదు. దాన్ని ఎవరూ అదిలించరాదు, తిట్టరాదు. దానికి మండలి తరఫున శెనగచెక్క, తవుడు, బెల్లం నెలనెలా ఉచితంగా వస్తాయి. దాని ఎదుట ఒక పరిశీలకుడు రోజంతా కూర్చుని, పిచ్చి లక్షణాలు కనిపిస్తున్నాయేమో చూస్తాడు. ఆ అదనపు బాధ్యతలు దస్తగిరికి వచ్చాయి. కొట్టం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, పొద్దుగూకగానే పరాంకుశం గారికి ఫోన్ చేసి చెప్పేవాడు.

"గడ్డి తినినాది సార్. నీళ్ళు తాగినాది. నన్ను చూసినాది."

"ఏ విధంగా చూసింది?"

"ఎద్దు చూసినట్లే సార్."

"అనుమానాస్పదంగా చూసిందా?"

దస్తగిరి కర్రోడి వైపు మళ్ళీ చూశాడు. "కొంచెం అనుమానంగానే చూసినాది సార్. పొద్దున్నించి మనిషి ఎదురుగా కూచోని చూస్తాంటే అది మాత్రం ఏమనుకుంటాది?"

మరుసటి వారం పరాంకుశం గారు స్వయంగా వచ్చి చూశారు. వెనక వైపు పోయి ఆగిపోయారు. తోకకు కుచ్చు లేదు. నమూనా తీసిన రోజు మోకాళ్ళ దాకా వేలాడిన కుచ్చు, ఇప్పుడు మొండి. దస్తగిరిని అడిగితే, రోజూ ముందువైపే చూస్తున్నానని, వెనకవైపు చూడమని ఉత్తర్వులో లేదని అన్నాడు. పరాంకుశం గారు ఫోన్ తీశారు. స్పర్శజ్ఞానం పోయింది, ఇప్పుడు వెంట్రుకలు పోయాయి. జబ్బు ముదురుతున్నదని ఆయన అక్కడి నుంచే రాజధానికి చెప్పారు.

రాజధాని వాళ్ళు వెంటనే జవాబిచ్చారు. పరమ వశ్య ప్రాణికి జబ్బు ఉన్నదీ లేనిదీ ముందస్తుగా నిర్ధారించి, లేని పక్షంలో ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలన్నారు. మద్దిలేటి ముఖం ఆ మాటకు వికసించింది. పత్రం ఇస్తే చాలు, కాడి కట్టుకుంటానన్నాడు. ఎప్పుడిస్తారని అడిగాడు.

"ఈ జబ్బు బ్రతికి ఉన్న పశువులో నిర్ధారించుట కష్టం," అన్నారు పరాంకుశం గారు. "మెదడు కోసి చూడవలసి ఉంటుంది. మీ ఎద్దును రాజధానికి తరలిస్తాము. మెదడు బాగున్నచో, మూడవనాడు పూర్తి ఆరోగ్యంగా ఉన్నదని పత్రం మీ ఇంటికే వస్తుంది."

మద్దిలేటికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, "సచ్చినంక అది ఆరోగ్యంగా ఉంటే ఎవరికి సార్, ఉండకపోతే ఎవరికి?" అన్నాడు. ఆ ప్రశ్న ఏ విభాగం పరిధిలోకి వస్తుందో తెలుపవలసిందిగా పరాంకుశం గారు రాజధానికి రాశారు.

రెండో వాన తెల్లవారుజామున పడింది. మంచి వాన. పొద్దున్నే ఊళ్ళో గొర్రులన్నీ బయటికొచ్చాయి. మద్దిలేటి వీధిలోకి మాత్రం మండలి వ్యాను వచ్చింది. వెనక తలుపు తీసి పలక దించారు. చాలాకాలంగా పని చేయకుండా బెల్లం తింటున్న కర్రోడు, పొలానికి తీసుకుపోతున్నారనుకుని హుషారుగా బయటికొచ్చింది. కొట్టంలో బుల్లోడు అరుపు లంకించుకుంది. మద్దిలేటి పగ్గం పట్టుకుని వదలడు, దస్తగిరి లాగలేడు. పరాంకుశం గారు, ఇది జాతీయ గౌరవమని, ఊరికి పేరొస్తుందని చెబుతున్నారు. పుల్లక్కతో సహా ఊరంతా అక్కడే ఉంది. పుల్లక్క ఏడుస్తోంది కూడా. ఎద్దు మొండితోకదైనా పక్కింటిది కదా.

సుంకులమ్మ అత్త వైపు చూసింది. నరసమ్మవ్వ నెత్తి మీద తువ్వాలు చుట్టుకుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి, గడపలో నిలబడి ఉంది. సుంకులమ్మ ఆ కర్రను కూడా ఒకసారి చూసింది. తర్వాత లోపలికి పోయి, గాదెలో చేయిపెట్టి, జొన్నలు రాలుతున్న సగం సవరం తెచ్చి, పరాంకుశం గారి చేతుల్లో పెట్టింది.

"మీరు పీకింది మా ఎద్దు ఎంటికెలు కావు సార్. మా అత్త సవరం. మొండితోక మొండితోక అని అంటాంటే పడల్యాక, ఏరువాకనాడు నేనే కట్టినా. ఆ జబ్బేందో, ఆ అచ్చరాలేందో, దానికేం సంబంధం ల్యాదు. అన్నీ మా అత్తవే."

కాసేపు బుల్లోడు ఒక్కటే మాట్లాడింది.

పుల్లక్క కళ్ళు తుడుచుకుని, ఇన్నాళ్ళూ పొద్దున్నే తన నెత్తికి తగిలిన దీవెనలన్నీ ఎవరికి చెందాలో ఊరే చెప్పాలంది. నరసమ్మవ్వ కర్ర ఎత్తింది గానీ, అది ఎవరి మీద పడాలో తేల్చుకోలేక గాల్లోనే ఉంచింది. కోడలు చేసింది దొంగతనం. కానీ ఎద్దు మిగిలేది ఆ దొంగతనం బయటపడినందువల్లే.

"నా ఎంటికెలు గొడ్డు తోకకు గట్టినావంటే," అంది చివరికి, "బాగుండెనా చూసేదానికి?"

"మోకాళ్ళ దాకా వచ్చినాయి అత్తా," అంది సుంకులమ్మ.

నరసమ్మవ్వ కర్ర దించింది.

మద్దిలేటి పగ్గం వ్యాను వైపు నుంచి చేను వైపు తిప్పబోయాడు. పరాంకుశం గారు ఆపారు. ఆయన ముఖం తెల్లబడింది గానీ మాట తడబడలేదు. ఫలితం రెండు ప్రయోగశాలల్లో నిర్ధారణ అయినదనీ, కొత్త శ్రేణి ఏర్పడినదనీ, ఇప్పుడు దాన్ని రద్దు చేయడానికి మండలి నియమాల్లో చోటు లేదనీ చెప్పారు.

"ఫలితం సరైనదే. పశువు మాత్రమే తప్పు. సరియైన ప్రాణికి బిళ్ళ బదలాయించవలసి ఉంటుంది."

ఆ సరియైన ప్రాణి ఎవరో మాకందరికీ ఒక్కసారే తట్టింది. అందరం గడప వైపు చూశాం.

పరాంకుశం గారు రాజధానికి ఫోన్ చేశారు. వాన తర్వాత సిగ్నల్ సరిగా లేక గట్టిగా మాట్లాడాల్సి రావడంతో మాకు రెండు వైపులా వినిపించింది. జరిగింది వివరించారు. అవతలి ఆయన అంతా విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఆ ప్రాణికి ఓటు హక్కు ఉన్నదా?"

"ఉన్నదండి."

"అయితే ముందస్తు నిర్ధారణ వద్దు. సహజ మరణం వరకు వేచి ఉండండి. మర్యాదలు యథాతథం."

మర్యాదలంటే ఏమిటని నరసమ్మవ్వ అడిగింది. దస్తగిరి చెప్పాడు. పని చేయించరాదు. అదిలించరాదు. తిట్టరాదు. శెనగచెక్క, తవుడు, బెల్లం నెలనెలా వస్తాయి. ఎదురుగా మనిషి కూర్చుని రోజంతా చూసుకుంటాడు. నరసమ్మవ్వ ఒక్కొక్కటీ రెండోసారి చెప్పించుకుంది. ముప్పై ఏళ్ళు కోడలిగా, అంతకంటే ఎక్కువ ఏళ్ళు అత్తగా ఉన్నప్పటికీ ఇంత మంచి మాటలు ఆమె ఎవరి నోటా వినలేదు. తువ్వాలు తీసి, చెవి అతని వైపు తిప్పి, బిళ్ళ ఎట్లాగూ వేస్తున్నారు కనుక కమ్మ పక్కనే, నొప్పి లేకుండా వేయమంది. దస్తగిరి బిళ్ళను దారంతో కమ్మకు కట్టాడు.

కర్రోడి సంగతి కూడా పరాంకుశం గారే తేల్చి చెప్పారు. నమూనా లేని పశువుకు ఫలితం లేదు, ఫలితం లేని పశువుకు శ్రేణి లేదు, శ్రేణి లేని పశువుకు నియమం లేదు. కొత్తగా నమూనా తీద్దామంటే తొలి విడత సేకరణ ముగిసింది, మలివిడత వచ్చే యేడు. మద్దిలేటి ఈ వివరణ పూర్తిగా వినలేదు. అప్పటికే బుల్లోణ్ణి బయటికి తోలి, మామూలు కాడి భుజాన వేసుకుని చేను దారి పట్టాడు. ఆ రోజూ మరునాడూ కర్రోడు సాలు వంకరపోకుండా గొర్రు లాగింది. వెనక సుంకులమ్మ విత్తనం వేస్తూ పోయింది. మూడో పొద్దు మధ్యాహ్నానికి ఆరెకరాలూ అయిపోయాయి. పుల్లక్క గట్టు మీద నిలబడి చూసింది గానీ తోక ప్రస్తావన తేలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో మండలి పథకం బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎర్రబిళ్ళలన్నీ ఒకటొకటిగా ముళ్ళకంచెల్లో ఊడిపోయాయి. పరమ వశ్య ప్రాణి మాత్రం కొట్టం పక్కన మంచం వేసుకుని ఉంటుంది. సుంకులమ్మకు పరీక్ష చేయలేదు గనుక, ఆమె ఏ శ్రేణో తెలియదు గనుక, ముందుజాగ్రత్తగా అత్తాకోడళ్ళ మధ్య పది బారల ఎడం ఉండాలని ఉత్తర్వు వచ్చింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో మాట మీద మాట రాలేదు. మండలి ఇచ్చే శెనగచెక్కా తవుడూ నరసమ్మవ్వ పేర వస్తాయి, కర్రోడూ బుల్లోడూ తింటాయి. బెల్లం మాత్రం అవ్వ తన దగ్గరే పెట్టుకుంటుంది. సవరం రాజధానిలో అద్దాల పెట్టెలో ఉందట. ఇవ్వమని అడిగితే, జాతి సంపద అన్నారట.

దస్తగిరి ఇప్పటికీ పొద్దుగూకగానే ఫోన్ చేస్తాడు. చిరాకు ఉండాది సార్. మనుషుల్ని దగ్గరికి రానీదు. తన్నల్యాదు గానీ కర్ర పక్కనే పెట్టుకొని ఉండాది.

మొన్న పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. ఆయనకు పదవీ విరమణ దగ్గర పడింది. తన హయాంలోనే పథకానికి ఒక్క ఆరోగ్య ధ్రువపత్రమైనా వస్తే బాగుండునని ఆయన ఆశ. పది బారల దూరంలో నిలబడి, ఒంట్లో ఎలా ఉన్నదని ఎంతో వినయంగా అడిగారు. నరసమ్మవ్వ బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"బాగుండా నాయనా," అంది. "ఆ కాయితం కోసరం నువ్వు నిలబడి ఎదురు చూడొద్దు. నీకు వయసైపోతాంది, కుర్చీ వేసుకొని కూచో."